చిన్న స్టాంపు

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
17 నవంబర్ 2008

చిరంజీవి రామమోహన్‌కు ఆశీస్సులు,

1978 ఆగస్టులో, లెస్టర్‌లో, నీ పోస్టాఫీసు కౌంటర్ ముందు నిలబడిన మీ వదినకు నువ్వొక మాట ఇచ్చావు. "ఇవాళే పంపించేస్తాను వదినా, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నావు. ఆ కాగితం ఏనాడూ వెళ్లలేదు. ఉత్తరం ఇలా మొదలుపెట్టానని నొచ్చుకోకు. అమెరికా వచ్చిన ఈ తొమ్మిదేళ్లలో నీకు రాసిన ప్రతి ఉత్తరమూ నా మనసులో ఇలాగే మొదలైంది. కాగితం మీద పెట్టడం మాత్రం ఇదే మొదలు.

మీ ఆవిడ నళినికి ఈ సంగతి నువ్వు చెప్పి ఉండవు. చదివి వినిపించు. పెళ్లయిన ఆడవాళ్లు పెన్షన్ కోసం జీతంలోంచి పూర్తి చందా కట్టనక్కర్లేదు, నామమాత్రంగా కడితే చాలు, ముసలితనంలో మొగుడి పెన్షన్ చాటున ఉండొచ్చు అని ఇంగ్లండులో అప్పట్లో ఒక సదుపాయం ఉండేది. చందా కట్టినట్టు కార్డు మీద స్టాంపు అంటించే రోజులు కాబట్టి ఫ్యాక్టరీలో దాన్ని చిన్న స్టాంపు అనేవాళ్లు. మేజోళ్ల ఫ్యాక్టరీలో చేరిన రోజున సూపర్‌వైజర్ వేలు పెట్టి చూపించిన చోట మీ వదిన నాగమణి సంతకం చేసింది. తొమ్మిదేళ్ల తర్వాత అదేమిటో అర్థమైంది. రద్దు చేయించుకుని అందరిలాగా పెద్ద స్టాంపు కడతానని ఫారం నింపి నీ చేతికిచ్చింది. కొన్నాళ్లకు అడిగితే "ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు వదినా" అన్నావు. నమ్మింది. 1995లో అరవై నిండి పెన్షన్ అడిగితే వచ్చిన జవాబు ఇది: మీరు రద్దు కోరినట్టు మా దగ్గర ఏ కాగితమూ లేదు, మీ పేరు మీద పెన్షన్ లేదు, మీ భర్త రిటైరయ్యాక ఆయన ఖాతాలో చూస్తాం. ఇరవై ఆరేళ్లు మేజోళ్లు అల్లిన మనిషి ఆ ఉత్తరం మడిచి కందిపప్పు డబ్బా కింద పెట్టి, "ఒకరి భార్యను తప్ప నేనెవర్నీ కానన్నమాట" అంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు.

ఇక వర్తమానం. నెలన్నర ఇండియాలో ఉండి శుక్రవారం తిరిగొచ్చాను. గయలో నాగమణికి పిండప్రదానం చేశాను. అంతా అయ్యాక పురోహితుడు "కొడుకులెంతమంది?" అన్నాడు.

"కూతురొక్కతే."

"తమ్ముళ్లు?"

"ఒకడున్నాడు. మాటిస్తాడు."

లోకం చూసినవాడు, నవ్వాడు. "అయితే ఆ గుట్ట మీది గుడికి వెళ్లండి. బతికుండగానే ఎవరి పిండం వాళ్లు పెట్టుకునే చోటది" అన్నాడు. వెళ్లాను. పెరుగు కలిపిన అన్నం ముద్ద. బతికున్నవాడిది కాబట్టి నువ్వులుండవు. భక్తి పుట్టుకొచ్చిందని అనుకోకు. శాస్త్రాలూ చదివాను, వాటిని వెక్కిరించినవాళ్లనూ చదివాను. రెండో పక్షంవాళ్ల వచనమే బాగుంటుంది. కానీ ఏర్పాటుగా చూస్తే ఇంత శుభ్రమైనది మరొకటి లేదు. ఇంకొకరి మాట మీద ఆధారపడే పని ఒకటి తగ్గింది. అందుచేత తెలియజేసేదేమంటే, నా పిండం గయలో అయిపోయింది. నువ్వుగానీ నీ కొడుకు చక్రధర్‌గానీ నాకు చేయాల్సింది ఇక ఏమీ లేదు.

ఇక్కడ బాగానే ఉన్నాను. మా భావన టౌన్‌హౌస్‌కు రోడ్డు అవతలే నా ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్. అద్దె నా ఇంగ్లండు పెన్షన్ లోంచి నేనే కడతాను. అల్లుడి ఇంట్లో భోజనానికి వెళ్తాను, అక్కడ పడుకోను. లెస్టర్ వదిలి టొరంటోలో స్థిరపడ్డ మన రాధాకృష్ణ ఫోన్ చేసి పెన్షన్ పెరగట్లేదని గోలపెట్టాడు. కెనడాకు వెళ్లిన ఇంగ్లండు పెన్షనర్‌కు మొదటి ఏడు ఎంతో చివరి ఏడూ అంతే. అమెరికాలో ఉన్నవాడికి లండన్‌లో ఉన్నవాడిలాగే ఏటా పెరుగుతుంది. ఇక్కడికి రాకముందే ఆ ఒప్పందాలన్నీ నేను చదివాను. మేపుల్ చెట్లు ఎర్రగా ఉంటాయని దేశాన్ని ఎంచుకుంటే అంతే మరి.

ఇక నీ అవసరం లేని
అన్నయ్య వీరభద్రరావు

లెస్టర్
9 డిసెంబర్ 2008

అన్నయ్యకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. కుడి కంటికి ఆపరేషన్ అయి పది రోజులైంది. ఎడమ కంటితో చదవడానికి రెండు రోజులు పట్టింది. నళినిచేత చదివించుకుందామనుకుని, మొదటి వాక్యం చూసి మానేశాను.

వదిన కాగితం గురించి నేను చెప్పాల్సింది ఒకటుంది. ఇప్పుడు కాదు. వదిన పోయినప్పుడు "ఇక మనిద్దరికీ ఫోన్లు వద్దు, ఉత్తరాలు చాలు" అన్నావు. మూడేళ్లుగా అలాగే ఉన్నాం. ఉత్తరంలో కొన్ని మాటలు రాస్తే మరీ పెద్దవైపోతాయని భయం.

ఆ రోజు నీ ఉత్తరం పట్టుకుని కిటికీ దగ్గర కూచున్నాను. చక్రి వచ్చి "ఏమైంది నాన్నా?" అన్నాడు. "పెదనాన్న పిండం గయలో అయిపోయిందట. మనం చేయాల్సింది ఏమీ లేదట" అన్నాను. వాడు కాసేపు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "యూ రెస్ట్ నాన్నా. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకోవడానికి ఏముందో నాకు తెలియలేదు. నువ్వంటే వాడికి ఇంత అభిమానం ఉందని మాత్రం నేనెరగను. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు వస్తున్నాడు, నాతో మరీ మెత్తగా మాట్లాడుతున్నాడు. నళిని అయితే వాడి ఉద్యోగం పోయిందేమోనని అనుమానపడుతోంది.

ఒక్కమాట. విదేశాల్లో ఉన్న పెన్షనర్లకు అప్పుడప్పుడు లైఫ్ సర్టిఫికెట్ ఫారం పంపుతుంటారు, ఇంకా ఉన్నారా, ఎక్కడున్నారు అని. వస్తే తిప్పి పంపు. పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకోకు. నిన్ను ఎరుగుదును కాబట్టి రాస్తున్నాను.

నీ తమ్ముడు
రామమోహన్

ప్లెయిన్స్‌బరో
12 ఫిబ్రవరి 2009

రామమోహన్‌కు,

ఆశీస్సులు ఈసారికి ఆపాను.

నేను చనిపోయానని నాకు ఉత్తరం వచ్చింది. 'కీర్తిశేషులు వీరభద్రరావు గారి వారసులకు' అని మొదలైంది. వాళ్ల సానుభూతి క్లుప్తంగా, మర్యాదగా ఉంది. మన బంధువుల్లో ఎవరూ ఇంత బాగా రాయలేరు.

మొదట డిసెంబర్‌లో భావన పేర తెల్ల లిల్లీ పూలు వచ్చాయి, నీ కొడుకు పంపాడు. 'నీ దుఃఖంలో నీతో ఉన్నాను' అని కార్డు. వాళ్లమ్మ తద్దినం ఆ వారమే. ఎంత గుర్తుపెట్టుకున్నాడో అని భావన కళ్లు తుడుచుకుని, "థాంక్స్ చక్రీ, ఇట్ మీన్స్ ఎ లాట్" అని జవాబు కొట్టింది. ఆ పూలు నా బల్ల మీదే పెట్టింది. వారం రోజులు వాటి పక్కన కూచుని చదువుకున్నాను. జనవరిలో పెన్షన్ రాలేదు. బ్యాంకును తిట్టాను. ఆ తర్వాత ఈ ఉత్తరం. ఇంగ్లండుకు ఫోన్ చేశాను. నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒక అమ్మాయి పలికింది.

"వీరభద్రరావు గారికి మీరు ఏమవుతారు?"

"నేనే ఆయన్ని."

"క్షమించండి సార్. ఆయన ఇండియా ప్రయాణంలో మరణించినట్టు డిసెంబర్‌లో కుటుంబ సభ్యులొకరు తెలియజేశారు."

"ఎవరా కుటుంబ సభ్యుడు?"

"ఆ వివరం చెప్పలేను సార్. అది వీరభద్రరావు గారి వ్యక్తిగత సమాచారం."

నా సమాచారాన్ని నాకు దక్కకుండా కాపాడుతున్నారు! లైఫ్ సర్టిఫికెట్ ఫారం పంపుతారట. అది నింపి, సాక్షి సంతకం పెట్టించి పంపితే, విచారించి, అప్పుడు బతికిస్తారట. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేరట.

నా లీజ్ ఏప్రిల్ ముప్పైతో ముగుస్తుంది. పెన్షన్ లేనివాడికి ఇంకో ఏడాది రాసివ్వడానికి లీజింగ్ ఆఫీసువాళ్లు నా మేనమామలు కారు. నిన్న అల్లుడు రాజగోపాల్ వచ్చి సోఫా అంచున కూచున్నాడు. "మామయ్యా, రెన్యూ చేయకండి. మా బేస్‌మెంట్ ఖాళీయేగా. ట్రెడ్‌మిల్ కొంచెం పక్కకి మూవ్ చేస్తే మంచం పడుతుంది. కిటికీ కూడా ఉంది, చిన్నది" అన్నాడు. మంచివాడు. చెడ్డవాడైతే పోట్లాడి గెలిచేవాణ్ణి. ఈ వయసులో నాకు మిగిలింది నా తలుపు, నా తాళంచెవి, నా పుస్తకాలు నేను పెట్టిన వరస. ఇవి పోయాక బతికున్నానని ఏ ఫారం మీద రాసినా ఒకటే.

కుటుంబ సభ్యుడంటే ఇంగ్లండులో నువ్వు తప్ప నాకెవరున్నారు? వదిన కాగితం ఆపడంతో మొదలుపెట్టి, అన్న పెన్షన్ ఆపేదాకా వచ్చావు. రోమ్ చరిత్రంతా చదివాను. అన్నల్ని కత్తితో పొడిచినవాళ్లున్నారు, విషం పెట్టినవాళ్లున్నారు. ఫోన్ చేసి చంపినవాడివి మాత్రం నువ్వే.

వీరభద్రరావు
(బతికే ఉన్నాను)

లెస్టర్
26 ఫిబ్రవరి 2009

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం నిలబడే చదివాను. వెంటనే చక్రికి ఫోన్ చేసి రమ్మన్నాను.

"ఒరే, పెదనాన్న పోయారని ఎవరికైనా చెప్పావా?"

"ఆల్ డన్ నాన్నా. పెన్షన్‌వాళ్లకి చెప్పాను. కౌన్సిల్‌కి చెప్పాను. లైబ్రరీ కార్డ్ కూడా క్యాన్సిల్ చేశాను."

"లైబ్రరీ కార్డేమిట్రా?"

"పెదనాన్నకి ఇక్కడి కార్డ్ ఇంకా ఉంది. ఆన్‌లైన్‌లో రెన్యూ చేస్తున్నారు, పదేళ్లుగా."

నువ్వు బతికున్నావని చెప్పాను. "పిండం చనిపోయినవాళ్లకే కదా నాన్నా? పెదనాన్న ఇండియా వెళ్లారు, గయలో పిండం అయింది అన్నావు, నువ్వేమో కాఫీ కూడా తాగలేదు. భావన కూడా థాంక్స్ అంది!" అన్నాడు. బతికున్నవాళ్లు కూడా పెట్టుకోవచ్చని చెప్పాను. "ఎందుకు?" అన్నాడు. "మనం చేస్తామని మీ పెదనాన్నకు నమ్మకం లేక" అన్నాను. తర్వాత తెలుగులోనే అన్నాడు: "నేను చేసేవాణ్ణి నాన్నా."

వాడు మర్నాడే ఆఫీసుకు ఫోన్ చేసి, పొరపాటు తనదేనని సంతకం పెట్టి రాసి పంపాడు. అయినా నీ ఫారం వెళ్లాల్సిందే. ముప్పై రెండేళ్లు కౌంటర్‌లో పనిచేసినవాణ్ణి, ఈ ఒక్కసారి విను. నల్ల సిరాతో రాయి. గడి దాటి రాయకు. సాక్షి బంధువు కాకూడదు. ఉద్యోగం, చిరునామా ఉన్న మనిషి అయి ఉండాలి, నువ్వు సంతకం చేస్తుంటే కళ్లారా చూడాలి. ఇంకోటి, మార్జిన్‌లో నీ వ్యాఖ్యానాలు వద్దు.

ఇక ఆ కాగితం. దీనితో రెండు కాగితాలు పెడుతున్నాను. ఒకటి వదిన నింపిన ఫారం. కింద తెలుగులో సంతకం చేసింది చూడు. "ఇంగ్లీషులో చేస్తే ఎవరిదో అనిపిస్తుంది రామం" అంది. రెండోది మర్నాడు పొద్దున మీ డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసే మోహన్ తెచ్చిచ్చిన చీటీ. ముందురోజు టపాకు ఫారం అందలేదు, ఆ రోజు సంచి ఇంకా కట్టలేదు. చీటీ నువ్వు చదువుతావు, అయినా ఇక్కడ రాస్తున్నాను, అబద్ధమనకుండా.

'రామం, ఆ ఫారం పంపకు. ఇద్దరికీ నా పెన్షన్ చాలు. వారం వారం ఆవిడ జీతం తగ్గించుకోవడం తెలివితక్కువ. అడిగితే ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదని చెప్పు. ఈ చీటీ సంగతి నాగమణికి చెప్పకు. అన్నయ్య.'

చెప్పలేదు. 1995లో కూడా చెప్పలేదు. వదినకు నీ మీద కోపం వస్తే ఒక ఇంట్లో ఎలా ఉంటారు? నా మీద వస్తే నాలుగు రోజుల్లో పోతుందనుకున్నాను. పోలేదు. మీరు అమెరికా వెళ్లేదాకా ఆ నాలుగేళ్లూ నాకు కాఫీ ఇచ్చేటప్పుడు కప్పు బల్ల మీద పెట్టేది. చేతికి ఇచ్చేది కాదు.

నీ తమ్ముడు
రామమోహన్

ప్లెయిన్స్‌బరో
4 మే 2009

చిరంజీవి రామమోహన్‌కు ఆశీస్సులు. (మళ్లీ మొదలుపెట్టాను.)

ఏప్రిల్ ఇరవయ్యోతేదీ నుంచి నేను అధికారికంగా బతికున్నాను. ఆగిన నెలలతో సహా పెన్షన్ వచ్చింది. అపార్ట్‌మెంట్ ఇంకో ఏడాదికి రాయించుకున్నాను. ట్రెడ్‌మిల్ ఉన్నచోటే ఉంది. రాజగోపాల్ దాని మీద ఎప్పుడైనా నడుస్తాడేమో చూడాలి.

సాక్షి సంతకం పక్క అపార్ట్‌మెంట్ విజయశ్రీది. వరంగల్ పిల్ల, ఫార్మసిస్ట్. ఫారం రెండుసార్లు చదివి నావంక చూసింది. "అంకుల్, మీరు బతికున్నరని నేను రాయాల్నా? గిసుంటి ఫారం ఎన్నడు చూడలే."

"కళ్లారా చూసి రాయాలమ్మా."

"చూస్తున్న గద. జర ఊపిరి తీస్కోండి అంకుల్... ఆఁ, ఉన్నరు." సంతకం చేసి, "మల్ల ఎప్పుడన్న కావాలంటే తలుపు కొట్టుండ్రి. కొట్టిన్రంటెనే సగం ప్రూఫ్" అంది. ఈ దేశంలో నేను విన్న తెలివైన మాటల్లో అదొకటి.

మార్జిన్‌లో ఏమీ రాయలేదు. నీ మాట నేను వినడం ఇదే మొదటిసారి. కానీ కవర్‌లో ఫారంతోపాటు ఇంకో కాగితం పెట్టాను, నాగమణి ఫారం. ముప్పై ఏళ్లు ఆలస్యంగా పోస్టు చేశాను. ఏదో జరుగుతుందని కాదు. చేరాల్సిన చోటికి ఒకసారి చేరనీ అని.

జవాబులు రెండు వచ్చాయి. ఒకటి నేనున్నానని. రెండోది ఆవిడ గురించి: ఫారం అందింది, పరిశీలించాం, ఆవిడ 2005లో మరణించారు కనుక దీనిమీద ఏ చర్యా తీసుకోలేము, అసలు కాగితం తిప్పి పంపుతున్నాము. వాళ్ల లెక్కల్లో ఎవరు బతికున్నారో తప్పు పడొచ్చు, ఇది మాత్రం సరిగ్గానే ఉంది. ఫారం మూలన అందిన తేదీ ముద్ర కొట్టారు. ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. పైన 'శ్రీమతి నాగమణి' అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. ఫలానావారి భార్య అని లేదు. ఆవిడ పేరు మీద, ఆవిడ ఒక్కదాని పేరు మీద, ఆ ఆఫీసు నుంచి వచ్చిన మొదటి కాగితం అది. కందిపప్పు డబ్బా కింద పెట్టాను. నా వంటింట్లోనూ ఒక డబ్బా ఉంది.

ఇక చీటీ. అక్షరాలు నావే. 'చీటీ'లో దీర్ఘాన్ని పైకి అంత దూరం లాగేవాడు లెస్టర్‌లో ఇంకొకడు లేడు. 1995లో ఇది నాకు గుర్తుండీ నిన్ను తిట్టానని అనుకోకు. గుర్తులేదు. గుర్తులేకపోవడం చాలా సుఖంగా ఉండేది, అంతే. దీన్ని రాసిన మనిషిని ఇప్పుడు పోల్చుకోగలను. చదివినవాడు, లెక్కలు వచ్చినవాడు, తన గొడుగు ఇంటిల్లిపాదికీ చాలుతుందని నమ్మినవాడు. పెళ్లాం గొడుగు అడగలేదని, తన పేరు అడిగిందని వాడికి తట్టలేదు. వాడితో నాకున్న తగువు ఇంట్లోనే తేల్చుకుంటాను. నీకు అందులో భాగం లేదు.

నీ సంగతి వేరు. నా తీర్పు మారలేదు, కారణం మారింది. నువ్వు పుట్టినప్పట్నుంచి నా మాట విన్నవాడివి కాదు. బి.ఎ. మధ్యలో మానకు అన్నాను, మానేశావు. ఆ రైలు పట్టాల పక్క ఇల్లు కొనకు అన్నాను, కొన్నావు. నళినిని చేసుకోవద్దని నాలుగు పేజీలు రాశాను, చేసుకుని సుఖపడ్డావు. అలాంటివాడివి, జన్మలో ఒక్కసారి, వినకూడని ఒక్కసారి, అయిదు వాక్యాల చీటీకి తలవంచావు. నేను పొరపాటు పడగలనని ఆ ఊళ్లో తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఫారం సంచిలో పడేసి నోరు మూసుకుని ఉంటే నాకు తెలిసేది కూడా కాదు. పైగా ఆవిడ కోపాన్ని నాలుగేళ్లు నా బదులు నువ్వు తాగావు, నన్నడగకుండా. అది నాది. నాకు దక్కాల్సింది.

వేసవిలో చక్రధర్‌ను తీసుకుని రా. వాడు చేసేవాణ్ణి అన్నాడట కదా. గుట్ట మీద పెట్టుకున్న ముద్ద కేవలం ముందుజాగ్రత్త అని చెప్పు, ఇంకొకరు చేయకూడదని ఎక్కడా లేదు, నేను చూశాను. నువ్వొస్తే కాఫీ నేనే కలుపుతాను. కప్పు చేతికే ఇస్తాను.

మీ అన్నయ్య
వీరభద్రరావు

తా.క. లైబ్రరీ కార్డు తిరిగి తెరిపించమని వాడికి చెప్పు. వాడి మీద నాకు కోపం లేదు. పెన్షన్ ఆఫీసు మీద లేదు, చూపించిన చోట సంతకం పెట్టించుకున్న ఆ సూపర్‌వైజర్ మీద కూడా లేదు, ఎప్పుడో పోయి ఉంటాడు. తప్పుపట్టడానికి నాకు ఇంకా మిగిలింది నువ్వొక్కడివే, రామమోహన్.